పేరు మనది, యంత్రము ఎవరిది?

వేంసూరు మండలమున నేడు మోటారుసైకిలు లేని వీథి కానరాదు. సత్తుపల్లికి పోవలెనన్నను, జిల్లా యెల్ల దాటి తిరువూరికి పోవలెనన్నను, మామిడితోటకు మందుడబ్బా చేరవలెనన్నను, వరిచేనికి ఎరువుబస్తా చేరవలెనన్నను ఆ వాహనమే దిక్కు. ఒకనాడు ఎడ్లబండియు, ఆ తరువాత సైకిలును చేసిన పనిని నేడు అదియే చేయుచున్నది. సత్తుపల్లి దాటి దమ్మపేట మీదుగా భద్రాచలపుటడవుల వైపు సాగుకొలది బస్సులు పలుచబడును. అచ్చటి పల్లెలలో అర్ధరాత్రి జ్వరము ముదిరిన బిడ్డను ఆసుపత్రికి చేర్చునదియు తరచు ఈ రెండు చక్రముల బండియే. ఇల్లు, పొలము, పశువులు కాక సామాన్య కుటుంబము పెద్దమొత్తము వెచ్చించి కొను వస్తువులలో ఇది ముఖ్యమైనది. కనుక దీనిని ఎవరు చేయుచున్నారు, చేసినవారు పదేండ్ల తరువాత కూడ ఉందురా, ఒక భాగము విరిగినచో అది దొరకునా అను ప్రశ్నలు పరిశ్రమాధిపతులకు మాత్రమే సంబంధించినవి కావు. అవి గృహస్థుని ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు మేము నేడొక పాత కథను మీ ముందుంచుచున్నాము. ద్విచక్రవాహనములను ప్రభుత్వమే తయారుచేసి అమ్మిన కాలమొకటి కలదు. చీనాలో ఒక ఆయుధాగారము మోటారుసైకిళ్లను చేసినది. మన దేశములో లక్నో నగరమునను, మన తెలుగునాట హైదరాబాదునను ప్రభుత్వసంస్థలు స్కూటర్లను చేసినవి. ఈ మూటిలో ఏదియు నేడు ఆ పనిలో లేదు. అవి ఎట్లు పుట్టినవో, ఎందులకు తెరమరుగైనవో తెలిసికొన్నచో మనకొక వివేకము లభించునని మా విశ్వాసము.

ముందుగా మన ముంగిటి సంగతి. హైదరాబాదు ఆల్విన్ అను పేరు మన పెద్దలందరికి తెలిసినదే. 1942లో, నిజాము పాలనాకాలమున, సంస్థాన ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు అల్లాఉద్దీన్ కంపెనీయు కలిసి దానిని నెలకొల్పినవి. లోహపు పనికి అది పెట్టినది పేరు. ఉక్కు బీరువాలు, కుర్చీలు, బస్సుల పైకట్టులు అచ్చట తయారైనవి. తరువాత శీతలయంత్రములు, 1980లలో చేతిగడియారములు కూడ ఆ పేరుతో వెలువడినవి. కొంతకాలమునకు అది రాష్ట్రప్రభుత్వ సంస్థ అయ్యెను. ఇంటిలో ఆల్విన్ బీరువాయో, ఆల్విన్ ఫ్రిజ్జో ఉండుట ఒకప్పుడు ఆ ఇంటికి నిండుదనము. అట్టి పేరుతోనే 'పుష్పక్' అను స్కూటరు కూడ బజారునకు వచ్చినది.

ఆ పుష్పక్ ఎచ్చటినుండి వచ్చినదో తెలియవలెనన్న మనము కొంచెము దూరము పోవలెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఇటలీ దేశములోని మిలాను నగరమున ఇన్నొచెంటి అను సంస్థ 1947లో లాంబ్రెట్టా అను స్కూటరును ప్రవేశపెట్టెను. యుద్ధముచే చితికిన దేశమున కారు కొనలేని ఉద్యోగికిని, కార్మికునికిని అది వాహనమయ్యెను. రెండు దశాబ్దములకు పైగా అది వెలిగినది. పిదప అచ్చటి ప్రజలు చిన్నకార్లకు మరలిరి. 1970ల ఆరంభమున మిలానులో స్కూటర్ల ఉత్పత్తి ఆగిపోయెను. అప్పుడు భారతప్రభుత్వము ఆ కర్మాగారపు యంత్రములను, నమూనాలను, లాంబ్రెట్టా అను పేరు వాడుకొను హక్కును కొని, 1972లో స్కూటర్స్ ఇండియా అను కేంద్రప్రభుత్వ సంస్థను నెలకొల్పి, యంత్రములను లక్నో నగరమునకు తరలించినది. 1975లో అచ్చట ఉత్పత్తి మొదలైనది. మన దేశములో అమ్ముటకు 'విజయ్ సూపర్' అనియు, విదేశములకు పంపుటకు 'లాంబ్రెట్టా' అనియు పేర్లు. అనగా ఎగుమతియు ఆ సంస్థ మొదటి ఆశయములలో ఒకటి.

ఆనాటి దేశపరిస్థితిని కూడ జ్ఞాపకము చేసికొనవలెను. ప్రభుత్వపు లైసెన్సు లేనిదే ఎవరును ఇష్టము వచ్చినన్ని వాహనములు చేయరాదు. కోరువారు లక్షలు, బండ్లు వేలు. బజాజ్ సంస్థవారి చేతక్ స్కూటరుకు సొమ్ము ముందుగా కట్టి ఏండ్లతరబడి వేచియుండినవారు మన కుటుంబములలో ఇప్పటికిని కలరు. స్కూటరు పంపకపు చీటి పెండ్లిమాటలలో కూడ ప్రస్తావనకు వచ్చెడిది. అట్టి కొరతలో ప్రతి రాష్ట్రప్రభుత్వమును, మనమే ఏల స్కూటరు చేయరాదని తలచినది. లక్నో కర్మాగారము ఇంజనును, గేర్లపెట్టెను ఒక కూర్పుగా చేసి రాష్ట్రములకు పంపును. రాష్ట్రసంస్థలు తక్కిన భాగములు చేర్చి, బిగించి, రంగు వేసి, తమతమ పేర్లతో అమ్మును. గుజరాతులో 'గిర్నార్', కర్ణాటకములో 'ఫాల్కన్', మన రాష్ట్రమున 'ఆల్విన్ పుష్పక్' — ఇట్లు ఒకే ఇంజను పెక్కు పేర్లతో దేశమంతట తిరిగినది.

ఆ కాలమున రాష్ట్రమునకు ముఖ్యమంత్రి జలగం వెంగళరావుగారు. 1972 ఎన్నికలలో శాసనసభకు ఆయనను పంపినది మన వేంసూరు నియోజకవర్గమే. 1973 డిసెంబరు నుండి 1978 వరకు ఆయన ముఖ్యమంత్రిగా ఉండిరి. 1980ల ద్వితీయార్ధమున కేంద్రములో పరిశ్రమల మంత్రిగా కూడ పనిచేసిరి. ప్రభుత్వమే కర్మాగారమును కట్టవలెను, ప్రభుత్వమే ఉద్యోగమియ్యవలెను అను నమ్మిక గట్టిగానుండిన కాలమది. ఆ నమ్మికను నేడు తేలికగా నవ్వివేయుట న్యాయము కాదు. ప్రైవేటు పెట్టుబడి రాని చోట్లకు విద్యుత్తును, ఉక్కును, ఎరువును తెచ్చినది ఆ నమ్మికయే. అయితే స్కూటరు విషయమున అది ఎచ్చట చతికిలబడినదో చూచుటయే మన పని.

'పుష్పక్' అను పేరు ఎవరు పెట్టిరో గాని, అర్థవంతమైన పేరు. భద్రాచలమున రాముని కొలుచు మనకు పుష్పకవిమానము కథ కొత్తది కాదు. లోకులు దానిని రావణుని విమానమందురు. కాని అది కుబేరునిది. రావణుడు బలిమితో తెచ్చుకొనెను. రావణవధానంతరము రాముడు దానిపై అయోధ్యకు వచ్చి, తిరిగి కుబేరునికే పంపివేసెను. ఎక్కినవాడు ఎవరైనను విమానము మాత్రము పరునిదే. మన స్కూటరు కథయు అట్టిదే అయ్యెను. పేరు మనది, రంగు మనది, బిగించిన కార్మికుల నేర్పు మనది. గుండెకాయవంటి ఇంజను లక్నోనుండి రావలెను. లక్నోవారికి ఆ నమూనా మిలానునుండి వచ్చినది. లక్నోలో జాప్యమైనచో ఇచ్చట పని ఆగును. ఇంజనులో లోపమున్నచో దిద్దుటకు ఇచ్చటివారికి అధికారము లేదు, సాధనములును లేవు. ఇరవై యేండ్లనాటి ఇటలీ నమూనాను కాలమునకు తగినట్లు మార్చు పరిశోధన లక్నోలో తగినంత జరుగలేదు. రాష్ట్రములలో జరుగుటకు అవకాశమే లేదు.

ఆ యంత్రపు స్వభావమును కూడ కొంత వివరింతుము. లాంబ్రెట్టా జాతి స్కూటరులో గట్టి ఉక్కుగొట్టము వెన్నెముకగా ఉండును. ఇంజను బండి నడుమగీతపై, వెనుకచక్రమునకు ముందు కూర్చుండును. మూసిన పెట్టెలో తిరుగు గొలుసు శక్తిని చక్రమునకు అందించును. అందువలన బరువు ఇరుప్రక్కల సమముగా పంచబడును. వెస్పా జాతిలోనైతే ఇంజను వెనుకచక్రమునకు ప్రక్కనే అంటియుండును, గొలుసు ఉండదు. బరువు ఒక ప్రక్కకు మొగ్గును గాని నిర్మాణము సులభము. రెండును ఆనాడు రెండు స్ట్రోకుల ఇంజనులే. పెట్రోలులో నూనె కలిపి పోయవలెను. కలపు పాళ్లు తప్పినచో ప్లగ్గు మసిబారుటయో, పిస్టను పట్టివేయుటయో జరుగును.

పట్టణములోని తారురోడ్డుపై ఈ బండి చక్కగా నడచినది. మన అడవి అంచు పల్లెలో దాని కష్టము వేరు. దాని చక్రపు రిమ్ము వ్యాసము 10 అంగుళములు మాత్రమే. మోటారుసైకిలు చక్రము 17, 18 అంగుళములుండును. వానకాలమున బండిచాళ్లలో, రేగడి బురదలో చిన్నచక్రము కూరుకొనును, పెద్దచక్రము దాటిపోవును. పంక్చరు పడినప్పుడు స్కూటరు వెంట స్టెప్నీ చక్రముండుట ఒక మేలు. కాని బురదలో కూరుకొనిన బండికి స్టెప్నీ ఏమి చేయగలదు? అందుచేతనే స్కూటరు పట్టణపు గుమాస్తాకు, ఉపాధ్యాయునికి ప్రియమైనది. పల్లెలలో పాలవాడును రైతును రాజ్‌దూత్ మోటారుసైకిలును ఆశ్రయించిరి. 1960లలో వచ్చిన ఆ బండికి కూడ మూలము పరదేశమే. పోలండు దేశపు ప్రభుత్వ కర్మాగారమొకటి చేసిన నమూనా అది. కాని మన గతుకులను ఓర్చుకొను దేహము దానికి కలదు. వాహనమును చేయువాడు తొలుత చూడవలసినది దారిని. మన ప్రభుత్వ స్కూటరు దారిని చూచి పుట్టలేదు. కొరతను చూచి పుట్టినది.

కొరత ఉన్నంతకాలము ఏది చేసినను అమ్ముడుపోవును. 1980లలో ఆ కొరత తీరసాగెను. జపాను సంస్థలు మన దేశపు సంస్థలతో కలిసినవి. 1984లో హీరో హోండా ఏర్పడి, మరుసటి యేట నాలుగు స్ట్రోకుల 100 సి.సి. తరగతి మోటారుసైకిలును తెచ్చినది. పెట్రోలులో నూనె కలుపనక్కరలేదు. ఒక లీటరుకు పాత స్కూటరుకంటె ఎంతో ఎక్కువ దూరము పోవును. సుజుకి, యమాహా, కవాసాకి పేర్లును వచ్చినవి. స్కూటర్లలో కాన్పూరునుండి ఎల్.ఎమ్.ఎల్. సంస్థ ఇటలీ పియాజియోవారి తోడ్పాటుతో కొత్త వెస్పాను తెచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ అను ప్రభుత్వ సంస్థయు ఊరకుండలేదు. అదియు పియాజియోతో కలిసి వెస్పా పి.ఎల్. 170 అను బండిని వెలువరించినది. అప్పటికిని వరుస మారలేదు: పేరు ఒకచోటిది, ఇంజను మరియొకచోటిది. 1991లో లైసెన్సుల పద్ధతి సడలిన తరువాత పోటీ మరింత తీవ్రమైనది. ఆల్విన్ సంస్థ 1990లలో ముక్కలైనది. శీతలయంత్రముల విభాగము వోల్టాస్ సంస్థకు చేరెను, జహీరాబాదులో నిస్సాన్ తోడ్పాటుతో మొదలైన చిన్నలారీల కర్మాగారము మహీంద్రా సంస్థకు చేరెను, గడియారములు ఆగిపోయినవి. లక్నోలో రెండు చక్రముల బండ్ల ఉత్పత్తి 1997లో నిలిచినది. 'విక్రమ్' అను మూడుచక్రముల బండ్లతో ఆ సంస్థ మరికొంతకాలము బ్రతికి, 2021లో కేంద్రమంత్రివర్గపు నిర్ణయముతో మూతపడినది.

ఇంతవరకు విన్నవారు, ప్రభుత్వము వ్యాపారము చేసినచో ఇంతేనని తేల్చివేయవచ్చును. ఆ తీర్పు తొందరపాటు. చీనాలోని చోంగ్‌చింగ్ నగరపు జియాలింగ్ సంస్థను చూడుడు. దాని వంశమూలము 1875లో షాంఘై ప్రాంతమున నెలకొల్పిన తుపాకిమందు కర్మాగారము. జపాను దండయాత్ర కాలమున, 1938లో, అది దేశపు లోభాగములోని చోంగ్‌చింగ్‌కు తరలినది. 1970ల చివర చీనాలో ఆర్థిక సంస్కరణలు మొదలై, ఆయుధముల గిరాకి తగ్గినప్పుడు, ప్రజలకు పనికివచ్చు వస్తువులు చేసికొని బ్రతుకుమని ఇట్టి కర్మాగారములకు ఆదేశము వచ్చెను. జియాలింగ్ 1979లో 50 సి.సి. చిన్న మోటారుసైకిలుతో ఆరంభించినది. 1981లో జపాను హోండా సంస్థతో సాంకేతిక సహకారము కుదుర్చుకొన్నది. ఆయుధసామగ్రిని సూక్ష్మముగా చేసిన చేతులకు సిలిండరును చెక్కుట కష్టము కాలేదు. ఇంజనును తామే పోతపోసి, తామే కోసి, తామే మెరుగుపరచిరి. దేశమంతట ఆ పేరు మోటారుసైకిలుకు మారుపేరయ్యెను. విదేశములకు ఎగుమతులును సాగినవి. 1995లో ఆ సంస్థ వాటాలు షాంఘై స్టాక్ మార్కెట్టులో ప్రవేశించినవి.

ఇంతకంటె గొప్ప ఫలమొకటి కలదు. ఆ నగరమున భాగములు చేయు చిన్న కార్ఖానాలు, నేర్పరులైన పనివారు పెరిగిరి. 1990లలో అదే నగరమున లిఫాన్, జోంగ్‌షెన్ మొదలైన ప్రైవేటు సంస్థలు ఆ నేల సారముతోనే మొలచినవి. 2000 ప్రాంతమున చీనా మోటారుసైకిళ్లు వియత్నాము దేశమును ముంచెత్తినవి. వాటి వెల జపాను బండ్ల వెలలో చాల తక్కువ వంతు. అంతవరకు బండి కొనలేని వియత్నాము రైతు కొనగలిగెను. హోండా సంస్థ కూడ 2002లో తన వెల దించి చౌక బండిని తేవలసివచ్చెను. అయితే చౌకబండ్లు త్వరగా పాడగుచున్నవని ప్రజలు గ్రహించిన పిదప, చీనా వారి అమ్మకములు అచ్చట జారినవి. గిరాకిని వెల తేగలదు. నిలుపునది మాత్రము మన్నికయే.

జియాలింగ్ కూడ చిరంజీవి కాలేదు. తన నగరపు ప్రైవేటు సంస్థలే దానిని మించినవి. చీనాలో అనేక పట్టణములు మోటారుసైకిళ్లను నిషేధించినవి. విద్యుత్తుతో నడుచు బండ్లు వచ్చినవి. 2019 నాటికి స్టాక్ మార్కెట్టులోని ఆ కంపెనీ మోటారుసైకిళ్లను విడిచి, పేరును మార్చుకొని, వేరొక పరిశ్రమలోనికి మరలినది. కాని ఒక భేదమును గమనింపుడు. జియాలింగ్ వెళ్లిపోయినను చోంగ్‌చింగ్‌లో విద్య మిగిలినది, ఇంజను చేయు కార్ఖానాలు మిగిలినవి. పుష్పక్ వెళ్లిపోయిన తరువాత హైదరాబాదులో స్కూటరు ఇంజను చేయు విద్య మిగులలేదు. మొదట ఉండినదే లేదు. యజమాని ప్రభుత్వమా, ప్రైవేటు వ్యక్తియా అనునది రెండవ ప్రశ్న. యంత్రపు మర్మము చేతికి వచ్చెనా లేదా అనునది మొదటి ప్రశ్న.

ఈ భేదమునకు మూల్యము చెల్లించినవారు ఎవరు? ఒకరు కార్మికులు. చేతిలో నేర్పుండియు, ఆ నేర్పునకు అక్కరగల మరియొక కర్మాగారము చెంతనే లేనందున, నడివయస్సులో వేరుపని వెదకుకొనవలసిన స్థితి అట్టివారిది. మరియొకరు బండి కొనిన గృహస్థులు. సంస్థ ఆగినచో మొదట దొరకనిది క్లచ్చి ప్లేటో, గేరు తీగయో, ఇంజనులోని చిన్న ఉంగరమో. వేయి రూపాయల భాగము లేక వేల రూపాయల బండి చూరుక్రింద నిలిచిపోవును. ఆ లోటును కొంత పూడ్చినవారు మన ఊళ్లలోని మెకానిక్కులు. ఒక పాతబండి భాగమును విప్పి మరియొక దానికి అమర్చి, లేతు యంత్రముపై కొత్తభాగము చెక్కించి బండ్లను నడిపినవారు వారే. ఇంజను విద్య కర్మాగారములో నిలువకున్నను, మరమ్మతు విద్య వారి చేతులలో నిలిచినది. ఆ విద్యకు మనము ఇచ్చు గౌరవము చాలదు.

ఇదంతయు గడచిన కథ కదా, నేడు మనకేల అని అడుగవచ్చును. నేడు మరల అదే మలుపు వద్ద మనము నిలిచియున్నాము. విద్యుత్తుతో నడుచు స్కూటర్లు పల్లెలకు వచ్చుచున్నవి. పెట్రోలు ఖర్చు లేదు, పొగ లేదు, మంచిదే. కాని వాటిలో బ్యాటరీ, మోటారు, ఆ రెండింటిని అదుపుచేయు కంట్రోలరు గుండెకాయలు. ఇవి పరదేశమునుండి తెప్పించి, ఇచ్చట బిగించి, తెలుగుపేరో సంస్కృతనామమో పెట్టుట సులభము. 2023లో కేంద్రప్రభుత్వపు భారీ పరిశ్రమల శాఖ, స్వదేశీ విడిభాగముల నిబంధనను పాటింపలేదని, తీసికొనిన రాయితీని తిరిగి చెల్లింపుడని కొన్ని సంస్థలను అడిగినది. పుష్పక్ నాటి ప్రశ్నయే ఇది: పేరు మనది, యంత్రము ఎవరిది?

కావున బండి కొనబోవు గృహస్థునకు మా మనవి ఇది. రంగును, తారల ప్రకటనలను చూచి మురియుటకు ముందు మూడు మాటలు అడుగుడు. దీని ఇంజనో, బ్యాటరీయో చేసినవారెవరు? సత్తుపల్లిలోనో, ఖమ్మములోనో దీని భాగములు దొరకునా? మన ఊరి మెకానిక్కు దీనిని విప్పి బిగింపగలడా? ఈ మూటికిని సరియైన జవాబు వచ్చినచో, చేసినది ప్రభుత్వమైనను ప్రైవేటు సంస్థయైనను నిస్సంకోచముగా కొనవచ్చును. జవాబు రానిచో, వెల ఎంత చౌకయైనను ఆగుట మేలు. పరిశ్రమలు నెలకొల్పు పాలకులకును ఇదియే మనవి. బిగించు శాలను కట్టి పేరు పెట్టుట పండుగనాటి పని. ఇంజను చేయు విద్యను బిడ్డలకు నేర్పుట తరముల పని. రెండవది చేసిననాడు కర్మాగారపు బోర్డు మారినను, యజమాని మారినను, మన చేతిలోనిది మన చేతిలోనే ఉండును.